బంపర్ పక్కన నిలబడ్డవాళ్లు

సారపాకకు కొత్తగా వచ్చినవాళ్లు మా ఇంటి ముందు లారీని చూసి, మాది నడుస్తున్న వ్యాపారం అనుకునేవాళ్లు. దగ్గరకొస్తే సంగతి తెలిసేది. టైర్లు సగం మట్టిలోకి దిగిపోయి, క్యాబిన్ వెనక గోడ లోపలికి నొక్కుకుపోయి, తలుపులు తుప్పు పట్టి, మూడేళ్లుగా అంగుళం కదలకుండా ఉందది. తుక్కు కొనేవాళ్ల కన్ను మాత్రం ఎప్పుడూ దాని మీదే. నెలకొకడు వచ్చేవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో టైరును తన్ని చూసి, "ఏమ్మా, ఇస్తవా?" అని అడిగేవాడు.

మా అమ్మ రిబ్కా చేటలో బియ్యం చెరుగుతూనే జవాబు చెప్పేది. "ఇయ్య. రేపు రాకు. ఎల్లుండి గూడ రాకు."

ఆ బండిలోనే మా అన్న క్రిస్టోఫర్ చనిపోయాడు. యూకలిప్టస్ కర్ర లోడుతో కాగితం మిల్లుకు వస్తుంటే అడవి మలుపులో బండి కాలవలోకి ఒరిగి, వెనకున్న కర్ర ముందుకు తన్నుకొచ్చింది. అప్పటికి అన్నకు రెండు రోజులుగా నిద్ర లేదు. "మూడో ట్రిప్పు నాతోని కాదన్నా" అని లారీ ఓనర్ల సంఘం ప్రెసిడెంటు రాంబాబుకు మా ముందే ఫోన్లో చెప్పాడు. మా దగ్గర ఎవరి బండికి లోడు ముందు, ఎవరికి వెనక అన్నది సంఘం రాసే సీరియల్‌ను బట్టి ఉంటుంది. ఆ రాసే కలం ప్రెసిడెంటు చేతిలో ఉంటుంది. "పోకుంటే నీ సీరియల్ ఆఖర్కి పోతది చూసుకో" అని రాంబాబు అనడం స్పీకర్లో నేనూ విన్నాను, అమ్మా వింది. అన్న చొక్కా మార్చుకుని వెళ్లాడు.

నాలుగో రోజు సంఘం యార్డులో సంతాప సభ పెట్టారు. రాంబాబు మైకు పట్టుకుని, కండువాతో కళ్లు తుడుచుకుని, "తమ్ముళ్లారా, మందు తాగి స్టీరింగు పట్టకుండ్రి. బంగారమసుంటి పిల్లగాడు క్రిస్టోఫర్‌ను ఆ మందే మింగింది" అన్నాడు. మా అన్న జన్మలో మందు ముట్టలేదు. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవాడు. పోస్టుమార్టం రిపోర్టులో కూడా మందు లేదనే ఉంది. అమ్మ దాన్ని లామినేషన్ చేయించి ఇల్లిల్లూ తిప్పి చూపించింది. కాగితాన్ని ఎవరు చదువుతారు? మైకును మాత్రం అందరూ విన్నారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా నిజం మూడేళ్లు నిలబడి కాళ్లు నొప్పులు పెట్టినా ఎవరికీ తెలియలేదు.

అదే సభలో రాంబాబు ఇంకో ప్రకటన కూడా చేశాడు. చనిపోయినవాడి చెల్లెలు అక్సాకు, అంటే నాకు, సంఘం ఆఫీసులో క్లర్కు ఉద్యోగం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉద్యోగం నాకొద్దని ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు.

"పో. ఆని పక్కనే కూసో. ఆని కాగితాలన్నీ నీ చేతులకెల్లే పోవాలె" అంది.

మూడేళ్లు అలాగే కూర్చున్నాను. టీ తెచ్చిచ్చాను, సీరియల్ రాశాను, "అన్నా" అని పిలిచాను. పోయిన ఎండాకాలం ఎలక్షన్లు వచ్చాయి.

మా సంఘంలో ఓటు మనిషికి కాదు, బండికి. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే ఓటు వాళ్లది. మా బండి ఆర్సీ అమ్మ పేరు మీద ఉంది. ఎలక్షన్ నాడు బండిని యార్డుకు తేవాలి, క్లర్కు నంబరూ పేరూ చదివితే ఓనరు తన బండి బంపర్ మీద చెయ్యి వేసి "హాజరు" అనాలి. వెనకటికి ఒకరి బండి చూపించి ఇంకొకరు ఓట్లు వేస్తున్నారని పెట్టిన పద్ధతి అది. బండి నడవాలని మాత్రం ఎక్కడా రాయలేదు. ఉంటే చాలు. అందుకే మా చుట్టుపక్కల మా బండితో కలిపి తొమ్మిది బండ్లు తుప్పు పడుతూ ఉన్నా వాటి ఓనర్లు అమ్మేవాళ్లు కాదు. పెరట్లో ఒకటి, చేను గట్టున ఒకటి, తండా బయట ఒకటి. తొమ్మిదిమందికీ రాంబాబు అంటే మంటే. చాలా బండ్లు అలా పడి ఉండటానికి కారణం ఆయన రాసిన సీరియలే.

ఆ తొమ్మిది ఓట్లంటే రాంబాబుకు భయం పట్టుకుంది. పోటీకి దిగింది రాందాస్. ఐదేళ్ల కింద రాందాస్ పాత బండి అమ్మి, కొత్త బండి దిగేలోపల ఎలక్షన్ వస్తే, రాంబాబు రాత్రికి రాత్రి ఒక రూలు తెచ్చాడు: తన పేరు మీద బండి లేనివాడు సభ్యుడు కాదు, పోటీకి పనికిరాడు. అట్లా రాందాస్‌ను యార్డులో సభ్యులకు కట్టే తాడు అవతలికి పంపించాడు. ఇప్పుడు రాందాస్ రెండు బండ్లతో తిరిగొచ్చాడు.

మార్చి చివర్లో రాంబాబుకు ఒక ఉపాయం తట్టింది. "పదిహేనేండ్లు దాటిన బండ్లన్నీ తుక్కుకిచ్చేద్దాం. ఊరు శుభ్రమైతది, పొల్యూషన్ తగ్గుతది" అని ప్రచారం మొదలుపెట్టాడు. చెబితే సరిపోదని, ముందు తన మొదటి లారీనే ఇచ్చాడు. దాని నంబరు పదకొండు నలభై. మా దగ్గర ఓనర్లను బండి నంబరుతోనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన్ను "పదకొండు నలభై" అనే అంటారు. బండికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ముందు నిలబడి ఫొటో దిగాడు. ఫొటో తీసింది నేనే.

మూడు వారాలకు ఆర్టీవో ఆఫీసు నుంచి, పదకొండు నలభై రిజిస్ట్రేషన్ రద్దయిందని కాగితం వచ్చింది. రిజిస్టర్ తెరిచి, పద్ధతి ప్రకారం ఆ నంబరు మీద ఎర్ర గీత గీశాను. గీశాక ఆయన మిగతా బండ్లు చూశాను. రెండు భార్య పుష్పలత పేరు మీద, రెండు అల్లుడి పేరు మీద. రాంబాబు పేరు మీద ఒక్క చక్రం లేదు.

రెండుసార్లు చూశాను. మూడోసారి చూసి రిజిస్టర్ మూసి, కుండలో నీళ్లు ముంచుకుని తాగాను.

ఒక్క మాట చెబితే చాలు, వారంలో పుష్పలత బండి ఒకటి తన పేరుకు మార్చుకుంటాడు. సభ్యుల జాబితా టైపు చేసి నోటీసు బోర్డు మీద అంటించాను. అందులో ఆయన పేరు లేదు. రోజుకు నాలుగుసార్లు ఆ బోర్డు ముందు నుంచే నడిచేవాడు. జాబితాలు చదువుకునేది చిన్న ఓనర్లు కదా.

నామినేషన్ ఫారం కూడా నాకే ఇచ్చాడు. బండి నంబరు దగ్గర ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పదకొండు నలభై అనే రాసింది. ఇచ్చేటప్పుడు అడిగాడు.

"అక్సా, నా కాగితాలన్నీ సరిగున్నయా?"

"ఉన్నయన్నా" అన్నాను.

"ఎలక్షనైనంక నీ జీతం సంగతి చూస్త" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను చెప్పింది అబద్ధం. ఆదివారం చర్చిలో దానికి క్షమాపణ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. అమ్మ చేట పక్కన పెట్టింది. లేచి కాళ్లు కడుక్కుని, "మిగిలినోళ్లు గిన బండ్లు అమ్ముకున్నరో, ఎలక్షన్ నాడు తాడు బయట ఆని పక్కన నిలబడుడే. పోయి చెప్పొద్దాం పా" అంది. రాంబాబు గురించి మాత్రం ఎవరికీ చెప్పొద్దంది.

స్కూటీ మీద ఇద్దరం తిరిగాం. బీడీల తునికాకు తెంపే రోజులు. పొద్దున పదయ్యేసరికి నెత్తి మాడిపోయేది. అడవి అంచున ఉండే జంపయ్య ఇంటికి వెళ్లేసరికి ఆకు కట్టలు కడుతున్నాడు. ఆయన లారీ చేను గట్టున ఉంది. దాని మీదికి సొరతీగ పాకించాడు. క్యాబిన్‌లో కోళ్లు పొదుగుతున్నాయి.

"రాంబాబు మనుషులు నిన్నొచ్చిండ్రు అక్కా. అమ్ముమని ఒక్క తీరు బతిలాడిండ్రు" అన్నాడు జంపయ్య.

"నువ్వేమన్నవ్ జంపయ్యా?" అంది అమ్మ.

"నా సీరియల్ ఆరు నెలలు ఆపి, ఈ బండిని ఈడ పండవెట్టింది రాంబాబే. సగం పని ఆడు చేసిండు. మిగిలిన సగం నా చేతుల్తోని నన్ను చెయ్యమంటరేంది, పోండ్రి అన్న."

"యార్డు దాక తేవాలె."

"టైర్లు లెవ్వు."

"ట్రాక్టరుంది గద. గుంజుకొద్దాం."

జంపయ్య ఆకు కట్ట పక్కన పెట్టి క్యాబిన్ వైపు చూశాడు. "పొదుగుడు కోడి ఉంది. దాన్ని గూడ తేవాల్నా?" అన్నాడు. మూడేళ్లలో అమ్మ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

తొమ్మిదిమందిలో ఇద్దరు జారిపోయారు. ఏడుగురు నిలబడ్డారు.

ఎలక్షన్‌కు వారం ముందు రాంబాబే మా ఇంటికి వచ్చాడు. అమ్మ కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. ఇంటికొచ్చిన పగవాడికైనా నీళ్లివ్వకపోవడం మా ఇంట్లో లేదు.

"అక్కా, ఆ బండిని పొద్దున లేస్తే చూసుడు నీకు బాధ గాదా? అమ్మెయ్" అన్నాడు.

"బాధ నాకే? నువ్వు రోజూ ఈ తొవ్వల్నే పోతవు గద రాంబాబు. మొగం అటు తిప్పుకొని పోతవు. నేను చూస్తనే ఉన్న."

ఆయన కండువా సర్దుకున్నాడు. గొంతు తగ్గించాడు. "సరే. సూటిగ మాట్లాడుకుందాం. నీకు కావాల్సింది నాకు ఎర్కనే. బండి అమ్మెయ్. ఎలక్షన్ మీటింగుల, అందరి ముంగట, మైకులనే చెప్త. క్రిస్టోఫర్ తాగలేదని చెప్త."

మూడేళ్లుగా మేం అడుగుతున్నది ఆ ఒక్కటే. అమ్మ వైపు చూశాను.

"నీళ్లు తాగినవ్ గద, ఇగ పో" అంది అమ్మ.

ఆయన వెళ్లాక అమ్మతో గొడవపడ్డాను. "అన్న పేరు కంటే ఆ తుప్పు బండి ఎక్కువైందా నీకు? వాడు చెప్తనంటే వద్దంటవేంది?" అని అరిచాను. నోటికి ఎంతొస్తే అంత అన్నాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోసింది. ఆ వారమంతా మేం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మే రెండో శనివారం ఎలక్షన్. పొద్దున ఏడుకల్లా ట్రాక్టర్ మా ఇంటి ముందుకు వచ్చింది. గొలుసు కట్టి లాగితే మొదట గొలుసు తెగింది. రెండోసారి బండి మట్టిలోంచి ఊడొచ్చి కదిలింది. అమ్మ డోరు మీద చెయ్యి వేసి, ఇంటి నుంచి యార్డు దాకా పక్కనే నడిచింది. నేను ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద జనం నిలబడి చూశారు. అన్న అంత్యక్రియలకు కూడా అంతమంది రాలేదు.

యార్డులో ముప్పై ఎనిమిది బండ్లు వరసగా నిలబడ్డాయి. రంగులేసి మెరుస్తున్నవాటి మధ్య ఏడు తుప్పు బండ్లు. జంపయ్య బండికి సొరతీగ ఇంకా వేలాడుతూనే ఉంది. రాంబాబు వాటిని చూసి, "తుక్కు అంగడి పెట్టిండ్రేంది ఇయ్యాల?" అని మైకులోనే నవ్వాడు. కొందరు నవ్వారు కూడా. ఎలక్షన్ జరిపించడానికి రిటైర్డ్ టీచర్ హేమలత గారిని పిలిచారు. ఆమె టేబుల్ దగ్గర కూర్చుని నాకు సైగ చేసింది.

నంబరు వెంట నంబరు చదివాను. హాజరు, హాజరు అంటున్నారు. "నలభై మూడు పన్నెండు, రిబ్కా" అన్నప్పుడు అమ్మ బంపర్ మీద రెండు చేతులూ వేసి, గట్టిగా "హాజరు" అంది. ముప్పై ఎనిమిదీ అయ్యాక రిజిస్టర్ మూశాను.

రాంబాబు పుష్పలత కొత్త బండి ముందు, ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. "అక్సా, నాది చదవలే" అన్నాడు.

"మీ పేరు మీద బండి లేదన్నా."

ముందు నవ్వాడు. తర్వాత చుట్టూ చూశాడు. హేమలత గారు రిజిస్టర్ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర గీతా, ఆర్టీవో కాగితమూ రెండూ చూసింది. "నామినేషన్లో మీరు రాసిన నంబరు రద్దయింది రాంబాబు గారూ. మీ సంఘం రూలు ప్రకారం మీరిప్పుడు సభ్యులు కారు."

"ఇవన్నీ నావే గదా మేడమ్?"

"పుష్పలత గారివి."

"నా పెండ్లాం నాది గాదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పుష్పలత బంపర్ మీద చెయ్యి తియ్యకుండా నేల చూపులు చూసింది. రాంబాబు నా దగ్గరకు వచ్చాడు. "నీకెప్పుడు తెల్సు?" అని పళ్ల మధ్య నుంచి అడిగాడు.

"ఎర్ర గీత గీసిననాడే అన్నా."

పైకి అరవలేడు. తనే దండ వేశాడు, తనే రూలు రాశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆయన అల్లుడే రూల్స్ పుస్తకం తిరగేసి ఒక దారి కనిపెట్టాడు: హాజరైన సభ్యులందరూ చెయ్యెత్తితే ఒక్కసారికి రూలు సడలించవచ్చు. ఒక్కరు ఎత్తకపోయినా లేదు.

అందరూ రాందాస్ వైపు చూశారు. రాందాస్ బీడీ పారేసి, "నన్ను రూలుతోని పంపించినవ్. నేను నిన్ను ఓటుతోనే పంపిస్త. నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. రోషగాడు. ఇక మిగిలినవాళ్లకు రేపు లోడు కావాలి, సీరియల్ కావాలి. ఎత్తుతామన్నారు. జంపయ్య మాత్రం, "రిబ్కక్క ఎట్లంటే గట్ల" అన్నాడు.

రాంబాబు తుప్పు బండి దగ్గరకు నడిచి వచ్చాడు. "అక్కా" అన్నాడు. అమ్మ తలెత్తింది. ఆయన మొహం వైపు కాసేపు చూసి, తర్వాత మైకు వైపు చూసింది.

ఆయన మైకు దగ్గరకు వెళ్లాడు. కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు.

"క్రిస్టోఫర్ తాగలేదు" అన్నాడు. ఆగాడు. "రెండు దినాల సంది నిద్ర లేదన్నడు. నేనే పొమ్మన్న. పోకుంటే సీరియల్ పోతదని బెదిరిచ్చిన. మందు అని చెప్పింది... నా మీదికి వస్తదని చెప్పిన. అంతే."

మైకు వదిలేసి దిగాడు. హేమలత గారు కళ్లద్దాలు సర్దుకుంది. తర్వాత, "సడలింపుకు ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి" అంది.

చేతులు లేచాయి. పుష్పలతది, అల్లుడిది, రాందాస్‌ది, ఒకదాని తర్వాత ఒకటి. జంపయ్య ఎత్తలేదు, అమ్మ కోసం చూస్తున్నాడు. అమ్మ రెండు చేతులూ బంపర్ మీదే ఉన్నాయి.

"అక్కా, చెప్పిన గద" అన్నాడు రాంబాబు.

"విన్న" అంది అమ్మ.

చేతులు తియ్యలేదు. హేమలత గారు రెండోసారి అడిగింది, మూడోసారి అడిగింది. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుని, రాంబాబును తాడు అవతలికి వెళ్లమంది. ఆయన వెళ్లి, టీ బండి పక్కన, బండ్లు లేనివాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు. పోటీ లేకుండానే రాందాస్ ప్రెసిడెంటయ్యాడు. నాకెంత సంతోషమైందో దాచుకోను. ఆయన ఎండలో నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే చూస్తూ నేను రెండు టీలు తాగాను.

మర్నాడు చర్చి నుంచి ఇంకా బయటికి రాకముందే మాట చెవిన పడింది. "కుర్చీ కోసం ఆడు ఏమన్న చెప్తడు. నిజంగ తాగలేదో ఏందో" అని ఒకామె ఇంకొకామెతో అంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. సాక్ష్యం లేకుండా చెప్పిన అబద్ధాన్ని ఊరంతా నమ్మింది. ఇప్పుడు చెప్పిన నిజానికి సాక్ష్యం అడుగుతోంది.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. "నువ్వు చెయ్యెత్తి ఉంటే జనం నమ్మేటోళ్లేమో. పగ తీర్చుకోవటానికే ఆయనతోని చెప్పిచ్చినవనుకుంటున్నరు."

అమ్మ బండి వైపు చూస్తూ కూర్చుంది. ట్రాక్టర్ దాన్ని మళ్లీ తెచ్చి పాత గుంతల్లోనే నిలబెట్టింది.

"చెయ్యెత్తితే నా కొడుకు పేరును ఆని దగ్గర కొనుక్కున్నట్టే" అంది. "కొనుక్కునేదాన్నయితే, ఆడు కుర్చీల కూసొని అడిగిననాడే బండి అమ్మేదాన్ని. ఆడు చెప్పింది నిజం. చెప్పినందుకు ఆనికి ఏమీ దొరకలే. గట్లనే ఉండాలె."

సోమవారం ఆఫీసుకు వెళ్లి మీటింగు మినిట్స్ రాశాను. ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాయడం నా పని. క్రిస్టోఫర్ తాగలేదని, నిద్ర లేకపోయినా తానే మూడో ట్రిప్పుకు పంపానని, తన మీదికి వస్తుందనే మందు పేరు చెప్పానని రాంబాబు సభలో అన్నట్టు, ఒక్క ముక్క తగ్గకుండా రాశాను. సభ్యులందరూ ఒక్కొక్కరుగా వచ్చి కింద సంతకాలు పెట్టారు. పుష్పలత కూడా పెట్టింది. పోయిన మీటింగు మినిట్స్ తర్వాతి మీటింగులో మైకులో చదవాలన్నది సంఘం రూలు. వచ్చే మే నెలలో మీటింగు. అప్పుడు రాంబాబుకు గెలవాల్సిన కుర్చీ లేదు. చదివేది నేను.